చూడ్డానికి ఊరు, ఉండడానికి ఊరు

చలికాలంలో ఆదివారం పొద్దున అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు చూస్తే సంత రోజు గుర్తొస్తుంది. మలుపు మలుపుకీ కార్లు ఆగి ఉంటాయి. వలిసె పూలు పచ్చగా విరగబూసిన చేలల్లోకి దిగి జనం ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. రోడ్డు పక్కన బొంగులో చికెన్ పొగ లేస్తూ ఉంటుంది. ఇంకాస్త ముందుకు వెళితే ఏదో ఒక రిసార్టు వెనకాల ‘గిరిజన పల్లె’ అని బోర్డు కనిపిస్తుంది. లోపల నాలుగు గుడిసెలు. కొత్తగా వేసిన గడ్డి కప్పు, ఎర్రమట్టి పూసిన గోడలు, గుమ్మం పక్కన రోలు, రోకలి, గోడకు తగిలించిన విల్లు. అన్నీ ఉన్నాయి. పొయ్యి కూడా ఉంది. పొయ్యి రాళ్ళకు మాత్రం మసి లేదు.

అక్కడి నుంచి రెండు కొండలు దాటితే మాలో ఒకరి ఊరు. అక్కడ గడ్డి కప్పు ఇల్లు వెతికితే ఒకటో రెండో దొరుకుతుంది. మిగతావన్నీ సిమెంటు రేకులు, స్లాబులు. ఇంట్లో చోడి అంబలి ఉడుకుతూ ఉంటుంది. ముసలివాళ్ళు అరుగు మీద కూర్చుని ఉంటారు. కుర్రాళ్ళు సగం మంది కూలి పనులకు మైదానం పట్టణాలకు వెళ్ళిపోయి ఉంటారు. ఈ రెండింటిలో గిరిజన పల్లె ఏది అని వచ్చినవాళ్ళను అడిగితే మొదటిదే చూపిస్తారు. రెండోది వాళ్ళ కంటికి ‘మారిపోయిన ఊరు’.

ఇప్పుడు పల్లెల పునరుజ్జీవనం అనే మాట సభల్లోనూ పథకాల్లోనూ బాగా వినిపిస్తోంది. పాత పల్లెలను నిలబెడదాం, సంస్కృతిని కాపాడదాం, పర్యాటకులను రప్పిద్దాం, ఉపాధి కల్పిద్దాం అని నాలుగు పనులూ ఒకే ఊపిరిలో చెప్పేస్తున్నారు. ఈ నాలుగూ ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే జరిగిపోతాయన్నట్టు మాట్లాడుతున్నారు. మేము రాసేవాళ్ళం. మాటను విప్పి చూడడం మా పని. పర్యాటకం మీద మాకు పగ లేదు. వలిసె చేను గట్టు మీద నిలబడి ఫోటోకు పదో ఇరవయ్యో అడిగే రైతు మా అన్నో తమ్ముడో అయి ఉంటాడు. ఆ డబ్బు ఆ ఇంటికి అక్కరకొస్తుంది. కానీ ఊరికి ఎవరు రావాలో, ఎప్పుడు రావాలో, ఏది చూడవచ్చో, ఏది చూడకూడదో చెప్పే అధికారం ఊరి చేతిలో ఉన్నప్పుడే పర్యాటకం ఊరిని నిలబెడుతుంది. ఆ అధికారం లేనిచోట ఊరి బొమ్మ నిలబడి ఊరు ఖాళీ అవుతుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

గడ్డి కప్పు గొడవ

ముందు ఇంటి సంగతి చూద్దాం. గడ్డి కప్పు పోయిందని బాధపడేవాళ్ళు అది ఎందుకు పోయిందో అడగరు. కొండగడ్డి కోసి, ఎండబెట్టి, మోసుకొచ్చి కప్పు వేయడం ఒక ఇంటివాళ్ళు చేయగలిగే పని కాదు. ఊరంతా కలిసి చేసే పని. కొన్నేళ్ళకోసారి మళ్ళీ వేసుకోవాలి. నిప్పు అంటుకుంటే ఒక ఇంటితో ఆగదు, వరస మొత్తం పోతుంది. అడవిలోకి వెళితే అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కలిసి పనిచేసే కుర్రాళ్ళు ఊళ్ళో లేరు. ప్రభుత్వం ఇచ్చే ఇంటికి నమూనా ఒకటే, అది మైదానంలోనూ అదే, కొండ మీదా అదే. ఇన్ని కారణాల మధ్య మా వాళ్ళు రేకు వేసుకున్నారు. రేకు కింద ఎండకి మాడతారు, వానకి చెవులు చిల్లులు పడతాయి. అయినా నిప్పు భయం లేదు, ఏటా చాకిరీ లేదు.

మట్టి గోడ కూడా అంతే. చూసేవాళ్ళకు అది అందం. ఇంట్లో ఆడవాళ్ళకు మాత్రం పండగ ముందు ఎర్రమట్టి తవ్వి తెచ్చి, పేడ కలిపి, గోడలు, అరుగులు, నేల పూసే పని. ఆ పనిలో ఉన్న నైపుణ్యాన్ని మేము గౌరవిస్తాం. మా అమ్మల చేతివేళ్ళ గీతలు ఆ గోడల మీద ఉన్నాయి. కానీ ఎవరో ఏడాదికోసారి వచ్చి చూసిపోవడం కోసం ఆమె జీవితాంతం గోడలు పూస్తూనే ఉండాలని మేము అడగలేం. పాత రూపంలోనే ఉండండి, మీకు డబ్బులొస్తాయి అని చెప్పే పునరుజ్జీవనం మమ్మల్ని ఇంట్లో అద్దెకు పెట్టినట్టే ఉంటుంది.

మరి ఊళ్ళో నిజంగా నిలబెట్టుకోవలసినవి ఏవి? మా లెక్కలో కప్పు కన్నా ముందు ఊరి అమరిక ఉంది. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో అందరిదీ అయిన వీధి, ఇంటి ముందు అరుగు, పెద్దలు కూర్చునే రాళ్ళు, ఊరి దేవత చోటు, కొండవాలు నుంచి దిగే ఊట. ఈ అమరికలోనే మా కొట్లాటలు తీరాయి, పెళ్ళి మాటలు కుదిరాయి, రాత్రి పూట ధింసా తిరిగింది. ఒకరి గుమ్మంలో నుంచి ఇంకొకరి గుమ్మం కనబడే ఊరు అది. ఇళ్ళ పథకాలు వచ్చినప్పుడు చాలాచోట్ల స్థలం చదునుగా ఉందని రోడ్డు పక్కన కాలనీ కట్టారు. ఊటకు దూరమయ్యారు, దేవతకు దూరమయ్యారు, ఎదురింటికి వీపు తిరిగింది. ఊరిని బాగుచేయాలనుకునే ఇంజనీరు ముందు ఈ వీధిని చూడాలి. స్లాబు ఇల్లయినా ఫరవాలేదు, అరుగు ఉండనివ్వండి, వీధి వీధిగా ఉండనివ్వండి, ఊటను సిమెంటుతో పూడ్చకండి. ఇది ఖర్చు ఎక్కువయ్యే పని కాదు. కానీ ఇది ఫోటోలో పడదు. అందుకే ఎవరి పథకంలోనూ కనబడదు.

వలయం తెరుచుకున్న చోట

ధింసా దగ్గరకు వద్దాం. అరకు అంటే కాఫీ, బొర్రా గుహలు, ధింసా అని చెప్పే రోజులివి. ధింసా ఒక్కటే నాట్యం అని బయటివాళ్ళు అనుకుంటారు. ఊరి దేవత పేరు మీద ఆడే బోడ ధింసా వేరు. ఆకులు ఏరే పనిని ఆడే పొటర్ తోలా వేరు. పులి నుంచి తప్పించుకోవడాన్ని చూపే బాగ్ ధింసా వేరు. ఒక్కరే ఆడే నాటికారి వేరు, భుజాలు తోసుకుంటూ ఆడే కుందా ధింసా వేరు, దేవత పూనినవాళ్ళను అనుసరించి ఆడే బాయ ధింసా వేరు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు లేకుండా అడుగు పడదు.

ఊళ్ళో ధింసా ఆడేటప్పుడు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలుపుకుని గుండ్రంగా తిరుగుతారు. ముఖాలు లోపలికి, వీపులు బయటికి. చూసేవాడికి కనబడేది వీపులే. ఆ వలయంలో చూసేవాడికి వేరే చోటు లేదు. చూడాలంటే చేతులు కలిపి లోపలికి రావాలి. వేదిక ఎక్కిన ధింసాను ఒకసారి గమనించండి. వలయం సగానికి తెరుచుకుంటుంది. ఆడేవాళ్ళంతా కుర్చీల వైపు తిరుగుతారు. అందరికీ ఒకే రంగు చీర, ఒకే రకం పూలు. పొద్దుపోయేదాకా సాగే ఆట పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. పొటర్ తోలాకు, బోడకు తేడా ఉండదు, ఎందుకంటే ఆ తేడా అడిగేవాళ్ళు ఎదురుగా లేరు. మాలో కొందరం హాస్టల్లో చదువుకునే రోజుల్లో అధికారులు వచ్చినప్పుడు అద్దె చీరలు కట్టుకుని, అద్దె తలపాగాలు పెట్టుకుని ఆడినవాళ్ళమే. చప్పట్లు బాగానే కొట్టారు. ఆడిన పాట ఏ పండగదో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంటికెళ్ళి అవ్వకు చెబితే, ‘ఆ పాట ఇప్పుడెందుకు ఆడారు? అది చైత్రంలో కదా’ అంది. మాకు ఎదురైన మొదటి విమర్శ అదే అని ఇప్పుడు అనిపిస్తుంది.

అతిథి మాకు కొత్త కాదు. పండగ రోజుల్లో ఒక ఊరి ధింసా జట్టు ఇంకో ఊరికి వెళుతుంది. ఆడతారు, కలిసి తింటారు, తెల్లారాక తిరిగొస్తారు. దీన్ని సంకిడి కేల్‌బార్ అంటారు. అక్కడ తెలంగాణలో, ఆదిలాబాద్ గోండుల దగ్గర దీపావళి రోజుల్లో దండారి ఉంది. నెమలి ఈకల టోపీలు పెట్టుకుని నియమంతో ఉండే గుస్సాడీలతో ఒక గూడెం మొత్తం ఇంకో గూడేనికి కదిలి వెళుతుంది. వచ్చినవాళ్ళకు విందు పెట్టడం, వాళ్ళ ఊరికి తిరుగు దండారి వెళ్ళడం బాధ్యత. చుట్టరికాలు అక్కడే కలుస్తాయి. గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మాకూ సంతోషమయింది. ఆ తర్వాత గుస్సాడీని అన్ని వేదికల మీదా చూస్తున్నాం. కానీ వేదిక మీద గుస్సాడీకి తిరుగు దండారి లేదు. ఆడినవాడి ఊరికి చూసినవాడు బదులు చెల్లించే మర్యాద లేదు. సంకిడి కేల్‌బార్‌కి, దండారికి ఉన్నది, టికెట్టుకు లేనిది ఇదే. మేము మీ ఇంటికి వస్తే రేపు మీరు మా ఇంటికి రావాలి, మధ్యలో మనకు ఒక సంబంధం మిగలాలి.

కాబట్టి అతిథి మర్యాద నేర్పడానికి మాకు శిక్షణా తరగతులు పెట్టేవాళ్ళు, ముందు ఈ రెండింటినీ చదవాలి. ఊరికి పర్యాటకాన్ని తేవాలనుకుంటే మా దగ్గర దానికి నమూనా ఉంది. రావడానికి వేళ ఉంది, పిలుపు ఉంది, కలిసి తినడం ఉంది, తిరిగి చేయవలసిన బాధ్యత ఉంది.

ఎవరి క్యాలెండరు

పర్యాటకులకు ఒక క్యాలెండరు ఉంది. చలి మంచు కోసం నవంబరు నుంచి జనవరి, తర్వాత బడి సెలవులు, మధ్యలో వారాంతాలు. ఊరికి వేరే క్యాలెండరు. కొర్రకొత్త చేయందే కొత్త కొర్ర తినం. కందికొత్త చేయందే కంది ముట్టం. మామిడి కొత్త చేసిన తర్వాతే మామిడి పండు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళు వేటకు వెళతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి వెక్కిరిస్తారు. రోజులు దిసారి చెబుతాడు.

ఆ రోజుల్లోనే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, వచ్చేపోయేవాళ్ళను పండగ డబ్బులు అడుగుతారు. కారులో వచ్చినవాళ్ళు అద్దం దించి ‘అడుక్కుంటున్నారు’ అనడం మేము విన్నాం. మధ్యాహ్నం అదే ఆడవాళ్ళ ఆటకు డబ్బిచ్చి ఫోటో తీసుకున్నవాళ్ళు, సాయంత్రం వాళ్ళ పండగ ఎదురైతే చిరాకు పడ్డారు. మేము అమ్మినప్పుడు సంస్కృతి, మేము జరుపుకున్నప్పుడు ఇబ్బంది. ఎవరి క్యాలెండరు నడుస్తోందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తిండి విషయంలోనూ ఇదే జరిగింది. అడవికి వెళ్ళినప్పుడు గిన్నె లేక పచ్చి వెదురు బొంగులో వండుకున్న కూర, ఇవాళ ఘాట్ రోడ్డు పొడవునా వ్యాపారం. కోడి మైదానం నుంచి వచ్చిన బాయిలర్ కోడి. వెదురు ఎక్కడి నుంచి వస్తోందో, రోజుకు ఎన్ని బొంగులు కాలుతున్నాయో అడిగే దిక్కు లేదు. మేము రోజూ తాగే చోడి అంబలి, సామ అన్నం, చిక్కుడు గింజల కూర ఆ కొట్లలో దొరకడం అరుదు. మా ఆడవాళ్ళు సామ, కొర్ర దంచి వండి ఊళ్ళోనే ఒక పూట భోజనం పెడితే, ఆ గింజలు పండించే చేనుకు మళ్ళీ విలువ వస్తుంది. పోడులో చిరుధాన్యం ఎందుకు తగ్గుతోందో బాధపడే పథకాలకు ఈ చిన్న తోవ కనబడకపోవడం మాకు ఆశ్చర్యం.

నేల ఎవరిది

ఇక అసలు సంగతి. మన్యంలో పర్యాటకం గురించి మాట్లాడే సభల్లో భూమి మాట ఎత్తితే ‘ఇప్పుడు అదెందుకు’ అంటారు. సంస్కృతి నేల మీదే నిలబడుతుంది కాబట్టి మేము ఎత్తక తప్పదు.

షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించడం చెల్లదని 1959 నాటి నిబంధనలకు 1970లో వచ్చిన సవరణ చెబుతోంది. అందరం 1/70 చట్టం అని పిలిచేది దాన్నే. ఆ రక్షణను ఇంకా గట్టిపరిచిన సమత తీర్పు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చింది. ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం కుదరదని చెప్పింది. ఆ వివాదం మొదలైంది ఎక్కడో కాదు, అనంతగిరి మండలంలో, ఇవాళ లక్షలమంది చూడవచ్చే బొర్రా చుట్టుపక్కల గనుల గురించే. గుహలు చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఈ కథ చెప్పే బోర్డు మాకు ఎక్కడా కనబడలేదు. సున్నపురాయి ఎన్ని వేల ఏళ్ళకు ఎంత పెరిగిందో గైడు చెబుతాడు. ఆ కొండ మీద హక్కు కోసం మావాళ్ళు ఢిల్లీ దాకా వెళ్ళి గెలిచిన సంగతి కూడా చెబితే అది కూడా పర్యాటకమే కదా.

చట్టం ఇలా ఉన్నా, రోడ్డు పక్కన బస ఏర్పాట్లు వెలుస్తూనే ఉన్నాయి. కాగితం మీద పేరు మాదే. కౌంటరు దగ్గర కూర్చునేది వేరేవాళ్ళు. పేరిచ్చిన మనిషి అదే చోట తోటమాలిగానో కాపలాదారుగానో జీతానికి ఉంటాడు. ఇందులో మోసం చేసినవాడి తప్పు ఉంది. అప్పు కోసం, పిల్లల ఫీజు కోసం సంతకం పెట్టిన మావాడి నిస్సహాయతా ఉంది. దాన్ని మేము దాచం. పల్లె పునరుజ్జీవనం పేరుతో భూమి ధర పెరిగినకొద్దీ ఈ సంతకాలు పెరుగుతాయి. అందుకే పర్యాటక పథకం వేసేవాళ్ళు మొదటి కాగితంలోనే భూమి సంగతి తేల్చాలని అంటున్నాం.

2024 అక్టోబరు 2న కేంద్రం మొదలుపెట్టిన గిరిజన గ్రామాల అభియాన్‌లో గిరిజన ఇళ్ళలోనే బస కల్పించే అంశం ఉంది. దేశం మొత్తం మీద వెయ్యి హోమ్‌స్టేలు. కొత్తగా కట్టుకోవడానికి 5 లక్షల దాకా, ఉన్న ఇల్లు బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షల దాకా సాయం. రిసార్టు కన్నా ఇది నయం అని మేము నిస్సంకోచంగా చెబుతాం. ఇల్లు మాదిగానే ఉంటుంది, డబ్బు ఇంటికే వస్తుంది. కానీ ఇంటి స్థలానికి కాగితం ఉన్నవాడికి, బ్యాంకుతో మాట్లాడగలిగినవాడికి, రోడ్డు పక్కన ఉన్నవాడికి ఇది ముందు అందుతుంది. పోర్జ, గదబ, ఖోందు కుటుంబాలు కొండ పైన ఉండిపోతాయి. ఒక ఊళ్ళో రెండు ఇళ్ళు వసతి గృహాలై, మిగతా నలభై ఇళ్ళు వాటికి కట్టెలు, నీళ్ళు మోస్తే ఊళ్ళో కొత్త దొర పుడతాడు. ఆ ఉమ్మడి 5 లక్షల పద్దు ఊరి సభ చేతికి రావాలి, వసతి ఇళ్ళ వంతు ఊరంతటికీ తిరగాలి.

దీనికి చట్టం అడ్డం లేదు, అండగా ఉంది. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాల్లో ఊరి ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకోవడం మొదటి వరసలో ఉంది. మన రాష్ట్రంలో దాని నిబంధనలు 2011లో వచ్చాయి. సంస్కృతి ఎవరి అధికారంలోనిదో చట్టమే చెప్పినప్పుడు, ధింసా ఎక్కడ ఆడాలో ఇంకో ఆఫీసు ఎందుకు నిర్ణయించాలి?

రెండు నాగా ఊళ్ళు

ఇది కాగితం మీద మాట అనుకునేవాళ్ళ కోసం దూరం నుంచి ఒక పోలిక తెస్తున్నాం. నాగాలాండ్‌లో కోహిమా దగ్గర కిసామా ఉంది. ఏటా డిసెంబరు మొదటి పది రోజులు అక్కడ హార్న్‌బిల్ పండుగ. 2000లో మొదలైంది. నాగా తెగలు ఒక్కొక్కదానికి ఒక్కో ఇల్లు, యువకుల శాల నమూనాలు కట్టి పెట్టారు. తెగలన్నీ ఒకచోట కలవడం వల్ల మేలు లేదని అనం. అది ఉత్సవాల కోసం కట్టిన ఊరు, ఆ సంగతి ఎవరూ దాచరు.

అదే కోహిమాకు ఇంకో వైపు ఖోనోమా ఉంది. అంగామీల పాత ఊరు. 1879లో బ్రిటిషువాళ్ళతో పోరాడిన ఊరు. ఆ ఊరివాళ్ళు తమ అడవిలో వేట మితిమీరిపోయిందని తామే గుర్తించి, 1998లో తమ కొండల్లో ట్రాగోపాన్ పిట్టల కోసం రక్షిత ప్రాంతం ప్రకటించుకున్నారు. వేట తరతరాల ఆచారం అయినా ఊరి సభే దాన్ని ఆపింది. ఆల్డర్ చెట్ల మధ్య పోడు చేసే పాత పద్ధతి చేలల్లో సాగుతూనే ఉంది. పర్యాటకులు వస్తారు. ఊరికి రుసుము కట్టి, ఊరివాళ్ళు తిప్పితే తిరిగి, ఊరి ఇళ్ళలో పడుకుంటారు. ఖోనోమా పర్యాటకుల కోసం బాగుపడలేదు. తన అడవిని తాను సరిచేసుకుంది, తర్వాత చూసేవాళ్ళు వచ్చారు. ఈ వరసే మాకు ముఖ్యం.

ఇంటి దగ్గరి ఉదాహరణా ఉంది. భూదాన్ పోచంపల్లికి 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చింది. అక్కడ మగ్గం ఇంకా ఆడుతోందంటే పర్యాటకుడు చూస్తున్నాడని కాదు, చీర అమ్ముడుపోతోందని. చీర అమ్మకం ఆగితే మగ్గం బొమ్మ మిగులుతుంది. మా దగ్గర గదబ ఆడవాళ్ళ ఖెరంగ్ గుడ్డ గతి ఇదే. అడవి నార తీసి, చారలు చారలుగా నేసి కట్టుకున్న గుడ్డ. ఇప్పుడు అది ప్రదర్శనశాలల అద్దాల వెనక ఎక్కువ, ఒంటి మీద తక్కువ. నార ఇచ్చే మొక్క, నేసే చేయి, కట్టుకునే సందర్భం మూడూ ఉంటేనే గుడ్డ బతుకుతుంది. అరకులోనే 1996 నుంచి గిరిజన మ్యూజియం ఉంది. మట్టి బొమ్మలతో మా ఇళ్ళు, పెళ్ళిళ్ళు, పనిముట్లు చూపిస్తుంది. మా పిల్లలు కూడా అక్కడే కొన్నిటిని మొదటిసారి చూస్తున్నారు. అందుకు మేము మ్యూజియాన్ని తప్పుపట్టం. మా ఇళ్ళలో చూపించలేకపోయినందుకు మమ్మల్ని మేము అడుగుతున్నాం.

దీనికి ఎదురుగా కాఫీని చూడండి. మా తోటల అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీ, మిరియాలు పండే ఊళ్ళలో కుర్రాళ్ళు కొంతమందైనా ఊళ్ళో ఉంటున్నారు. కుర్రాళ్ళు ఉన్న ఊళ్ళో తుడుము మోగుతోంది. సంస్కృతిని కాపాడడం ఎలా అని ఎవరైనా అడిగితే మా జవాబు తుడుముతో మొదలవదు. కాఫీ గింజ ధరతో, ఊట నీళ్ళతో, బడిలో మాతృభాషతో మొదలవుతుంది. ఆసుపత్రికి రోడ్డుతోనూ మొదలవుతుంది. వ్యూ పాయింటు దాకా తారు రోడ్డు పడింది. అదే కొండకు అవతలి వైపు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. ఈ రెండూ ఒకే మండలంలో ఉన్నంతకాలం పునరుజ్జీవనం అనే మాట మా నోట పలకదు.

మా వంతు తప్పు

ఇంతవరకూ ఇతరుల్ని అన్నాం. ఇప్పుడు మా సంగతి. ఆదివాసీ సాహిత్యం పేరుతో మేము రాసిన కవితల్లో ఎన్ని ఊళ్ళు ఆ రిసార్టు గుడిసెల్లా లేవు? అడవి తల్లి, వెన్నెల, ఇప్పపువ్వు, తుడుము, అమాయకమైన నవ్వు. రేకుల ఇల్లు లేదు. సెల్‌ఫోను లేదు. కాఫీ దళారీ లేడు. తాగి కొట్టే మొగుడు లేడు. ఒక ఆదివాసీ కులం ఇంకో ఆదివాసీ కులాన్ని చిన్నచూపు చూడడం లేదు. సంకలనం అట్ట మీద ధింసా బొమ్మ వేయమని అడిగింది మేమే. మైదానం పాఠకుడు ఏం చూడాలనుకుంటాడో ఊహించి, వలయాన్ని సగానికి తెరిచి, అతని వైపు తిరిగి నిలబడ్డాం. పర్యాటకుడి కోసం ఊరిని అలంకరించడాన్ని విమర్శించే ముందు, పాఠకుడి కోసం ఊరిని అలంకరించడం మేము మానుకోవాలి.

భాష విషయంలో తప్పు ఇంకా పెద్దది. మాలో కువి మాట్లాడేవాళ్ళు, ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్ళు, పోర్జ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. రాసేది మాత్రం తెలుగులోనే. 2000ల దశకంలో ప్రభుత్వ బడుల్లో ఎనిమిది గిరిజన భాషల వాచకాలు తెచ్చినప్పుడు వాటికి కథలు, పాటలు రాసినవాళ్ళం మాలో కొద్దిమందే. ఆ ప్రయత్నం నీరసపడినప్పుడు అడిగినవాళ్ళం ఇంకా తక్కువ. పొటర్ తోలా పాటలో ఏ ఆకు పేరు ఏమిటో రేపటి పిల్లకు తెలియకపోతే, ఆ నాట్యం అడుగులు మాత్రమే మిగులుతాయి. ఆ ఆకుల పేర్లు రాసిపెట్టడం రిసార్టు పని కాదు, పర్యాటక శాఖ పనీ కాదు. అది మా పని. మేము చేయలేదు.

ఊరి సభలో అడగవలసినవి

ఈ పుస్తకం మన్యం ఊళ్ళలో కొన్ని చేతులకైనా అందుతుంది. కాబట్టి చివరగా ఊరివాళ్ళతోనే మాట్లాడుతున్నాం. మీ ఊరిని పర్యాటక గ్రామం చేస్తాం అని ఎవరైనా వస్తే కాదనకండి, వెంటనే సరేననీ అనకండి. గ్రామసభ పెట్టండి. మీ భాషలో మాట్లాడుకోండి. వచ్చినవాళ్ళకు ఈ ప్రశ్నలు వేయండి.

భూమి ఎవరి పేరు మీద ఉంటుంది, పదేళ్ళ తర్వాత ఎవరి పేరు మీద ఉంటుంది? వచ్చే డబ్బులో వసతి ఇచ్చే ఇంటికి ఎంత, ఊరికి ఎంత, లెక్క ఎవరు చదివి వినిపిస్తారు? పండగ రోజులు దిసారి చెప్పినట్టే ఉంటాయా, లేక బస్సు వచ్చే రోజుకు జరుగుతాయా? దేవత చోటు, చావు ఇల్లు, ప్రసవం ఇల్లు ఫోటో తీయడానికి వీల్లేదని రాసి సంతకం పెడతారా? ఊట నీళ్ళు ముందు ఎవరికి? మా పిల్లలకు వాచకం, మా గర్భిణులకు రోడ్డు ఈ పథకంలో ఎక్కడ ఉన్నాయి?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పినవాళ్ళను రానివ్వండి. అరుగు మీద కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి, ఏ ఊరని అడగండి. మా అవ్వలు వచ్చిన ప్రతివాళ్ళనూ అలాగే అడిగేవాళ్ళు. ఆడే రోజు అయితే చేయి కలిపి వలయంలోకి తీసుకోండి. ఆడే రోజు కాకపోతే, మళ్ళీ చైత్రంలో రమ్మని చెప్పండి.